అడవి పందికి ఏ తుపాకీ, ఏ తూటా? అనుమతి వచ్చిన గ్రామాల రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు, వేరుశనగలో ఊడలు దిగి కాయ ముదిరే రోజులు వచ్చాయంటే అడవి అంచు గ్రామాల రైతులకు రాత్రి నిద్ర ఉండదు. పందుల మంద ఒక్కసారి చేనులో దిగితే తిన్నదానికంటే తొక్కి, తవ్వి పాడుచేసేదే ఎక్కువ. మొక్కజొన్న, వేరుశనగ, చెరకు, జొన్న, చిలగడదుంప ఏది వేసినా ఇదే బాధ. అందుకే గ్రామసభల్లోనూ, రైతు వేదికల్లోనూ యువ రైతులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సార్, అమెరికాలో రైతులు మూడు వందల మీటర్ల దూరం నుంచి ఒక్క తూటాతో పంట తినే జంతువును కొట్టేస్తున్నారు. ఫోన్లో వీడియోలు చూస్తున్నాం. అలాంటి రైఫిల్ మనకు ఎందుకు పనికిరాదు?"

అడగాల్సిన ప్రశ్నే. దీనికి సరైన సమాధానం తెలియకపోతే రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, గాయపడిన పంది మనుషుల మీదికి రావడం. రెండు, తప్పిన తూటా పక్క చేనులో మోటారు వేయడానికి వచ్చిన రైతుకు తగలడం. తుపాకీ ఎంపిక మన ఇష్టాన్ని బట్టి ఉండదు. జంతువు బరువు, చేను కొలత, తప్పిన తూటా చివరకు ఎక్కడ ఆగుతుంది అనే మూడు విషయాలను బట్టి ఉంటుంది. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా చట్టం: కావాల్సిన కాగితాలు రెండు

అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. అంటే మన పంట తింటున్నది కదా అని మనంతట మనం చంపడానికి వీల్లేదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, బోనులో పట్టడం కూడా చట్టం దృష్టిలో వేటే.

అయితే రైతుకు దారి లేకుండా చట్టం మూసేయలేదు. అదే చట్టంలోని సెక్షన్ 11(1)(బి) ప్రకారం, మనుషుల ప్రాణాలకు గానీ, పొలంలో ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదంగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి, కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఈ అధికారం ఎవరికి అప్పగించాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కేరళ ప్రభుత్వం 2022లో అడవి పందుల విషయంలో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఈ బాధ్యత అప్పగించింది. మీ ప్రాంతంలో ప్రస్తుతం ఎవరు అనుమతి ఇస్తున్నారో, ఏ షరతులు పెడుతున్నారో అటవీ రేంజ్ ఆఫీసర్ దగ్గర తెలుసుకోండి.

రెండో కాగితం తుపాకీ లైసెన్సు. 1959 ఆయుధాల చట్టంలోని సెక్షన్ 13 పంట రక్షణ కోసం లైసెన్సు గురించి ప్రత్యేకంగా చెబుతుంది. మామూలుగా మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి ఈ లైసెన్సు ఇస్తారు. అది సరిపోదని అధికారి నమ్మితే, కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకీకి, అంటే మనం షాట్‌గన్ అనే రకానికి, ఇవ్వవచ్చు. గొట్టం లోపల మెలికల గాడులు ఉండే రైఫిల్ ఈ పంట రక్షణ వెసులుబాటులోకి రాదు.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. పంట రక్షణ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. లైసెన్సు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి. పందిని కాల్చడానికి అటవీ శాఖ అనుమతి వేరుగా ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే కేసు అవుతుంది. అనుమతి లేకుండా వేటాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

కాబట్టి ఎక్కువ సందర్భాల్లో తుపాకీ పట్టేది మీరు కాదు, అనుమతి పొందిన షూటర్. మరి ఈ విషయాలన్నీ మీకెందుకంటే, షూటర్ వచ్చేది మీ చేనుకు. చుట్టూ ఉండేది మీ కుటుంబాలు, మీ పశువులు. ఏ తుపాకీ తెచ్చాడు, ఏ తూటా వేస్తున్నాడు, ఎక్కడ కూర్చుంటున్నాడు అని అడిగే హక్కు మీకుంది. అడగాలంటే తెలిసి ఉండాలి.

వీడియోల్లో కనిపించే జంతువు ఏది?

ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది గ్రౌండ్‌హాగ్. ఉడుత జాతికి చెందినది, నేలలో బొరియలు చేసుకుని బతుకుతుంది. బరువు 2 నుంచి 6 కిలోల వరకు ఉంటుంది. పెన్సిల్వేనియా, ఒహాయో, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో సోయా చిక్కుడు, లూసర్న్ గడ్డి మళ్లను మేస్తుంది. మేత నష్టం కంటే బొరియల నష్టం అక్కడి రైతుకు ఎక్కువ బాధ. గడ్డి కోసే యంత్రం చక్రం బొరియలో దిగబడుతుంది, పశువు కాలు విరుగుతుంది. అందుకే చాలామంది రైతులు వేటగాళ్లను తమ పొలాల్లోకి రానిస్తారు.

గ్రౌండ్‌హాగ్ పగటిపూట మేస్తుంది. మాటిమాటికీ వెనక కాళ్ల మీద నిలబడి చుట్టూ చూస్తుంది. అలికిడి అయితే బొరియలో దూరిపోతుంది. దగ్గరికి వెళ్లడం కుదరదు కాబట్టి దూరం నుంచి కొట్టాల్సి వస్తుంది. దూరాన్ని బట్టి అక్కడ వాడే తూటాలు ఇలా ఉంటాయి:

- 75 మీటర్ల లోపు: .22 లాంగ్ రైఫిల్. చిన్న తూటా, చప్పుడు తక్కువ.
- 150 మీటర్ల వరకు: .17 హెచ్‌ఎంఆర్, .22 హార్నెట్.
- 200 నుంచి 250 మీటర్ల వరకు: .222 రెమింగ్టన్, .223 రెమింగ్టన్.
- 300 మీటర్లు, ఆపైన: .22-250 రెమింగ్టన్, .220 స్విఫ్ట్. గాలి ఎక్కువగా ఉంటే కొంచెం బరువైన తూటా వేసే .243 విన్‌చెస్టర్.

చివరి రెండు వరుసల్లోని .22 రకాల్లో సాధారణంగా వాడే తూటా బరువు 40 నుంచి 55 గ్రెయిన్లు. అంటే రెండున్నర నుంచి మూడున్నర గ్రాములు మాత్రమే. కానీ వేగం సెకనుకు సుమారు 1,000 మీటర్లు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ. తేలికగా, వేగంగా పోయే తూటా దూరం మీద తక్కువగా కిందికి దిగుతుంది. పైగా ఈ తూటాలను పలుచని తొడుగుతో చేస్తారు. లోపలికి దిగగానే ముక్కలవుతాయి, నేలకు తగిలినా చాలావరకు పగిలిపోతాయి. చిన్న జంతువును వెంటనే చంపడానికి, ఎగిరి దూరం పోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు.

ఇంత చేసినా పని తేలిక కాదు. 200 మీటర్లకు గురి సరిచేసిన .223 రైఫిల్ తూటా 300 మీటర్ల దగ్గర జానెడు పైగా కిందికి దిగుతుంది. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి, అంటే ఆకులు, చిన్న కొమ్మలు కదిలించే పాటి గాలి, అదే దూరంలో తూటాను సుమారు అడుగు పక్కకు నెడుతుంది. గ్రౌండ్‌హాగ్‌లో తగలాల్సిన చోటు అరచేతి వెడల్పు. అందుకే అక్కడి వేటగాడు బరువైన గొట్టం ఉన్న రైఫిల్, ముందు రెండు కాళ్ల ఊత, 12 రెట్లు లేదా అంతకంటే పెద్దగా చూపించే దుర్భిణి, దూరం కొలిచే పరికరం పెట్టుకుని, పట్టపగలు, నేల మీద పడుకుని కాలుస్తాడు. వీడియోలో కనిపించేది ఒక్క తూటా. దాని వెనక ఉన్నది ఇంత సరంజామా.

ఆ తూటా మన పందికి ఎందుకు పనికిరాదు?

ఎదిగిన అడవి పంది బరువు 60 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. గ్రౌండ్‌హాగ్‌కు 15, 20 రెట్లు. మగ పందికి భుజాల మీద చర్మం కింద గట్టి పొర ఒకటి ఉంటుంది. మగ పందులు కోరలతో ఒకదాన్నొకటి పొడుచుకునేటప్పుడు కాపాడే కవచం అది. దాని మీద బురద ఎండి ఉంటుంది, కింద మందమైన కొవ్వు, ఎముక. మూడున్నర గ్రాముల పలుచని తూటా అక్కడ తగిలితే పైపైనే ముక్కలైపోతుంది. పంది పడదు. గాయంతో చెరకు తోటలోకో, పొదల్లోకో దూరుతుంది. తెల్లవారి కలుపు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లకు అది ఎదురైతే ఏమవుతుందో అడవి అంచు గ్రామాల వారికి చెప్పనక్కర్లేదు.

పందికి కావాల్సింది బరువైన తూటా. మరీ వేగం అక్కర్లేదు, లోపలి వరకు దిగాలి. అలాంటి తూటాకు దూరం సరిపడదు, కానీ మనకు దూరంతో పనే లేదు. పంది ముక్కు చురుకు, చెవి చురుకు, చూపు మాత్రం మందం. గాలి మన వైపు వీస్తుంటే, అలికిడి చేయకుండా కూర్చుంటే, 20, 30 మీటర్ల దగ్గరికి అదే వస్తుంది. గ్రౌండ్‌హాగ్ దగ్గరికి రానివ్వదు కాబట్టి దూరం నుంచి కొట్టే రైఫిల్ పుట్టింది. పంది దగ్గరికి వస్తుంది కాబట్టి ఆ రైఫిల్ అవసరం మనకు లేదు.

చేను కొలత చూడండి

ఎకరం చేను నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. 300 మీటర్ల దూరం కాల్చారంటే తూటా మీ చేను దాటి మరో మూడు నాలుగు చేలు దాటినట్టే. అందులో ఒకరు నీళ్లు కడుతుంటారు, ఒకరు మీలాగే కాపలా ఉంటారు, ఒకరి పశువులు కొట్టంలో ఉంటాయి. వీడియోలోని పొలం పగటి వెలుగులో, కనుచూపు మేర ఒకే రైతుది. మన దగ్గర పంది వచ్చేది రాత్రి, చేలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి.

తప్పిన తూటా ఎంత దూరం పోతుందో గుర్తు పెట్టుకోండి:

- 12 బోర్‌లో వేసే పెద్ద గుండ్లు: అర కిలోమీటరు దాకా.
- చిన్నదే కదా అనుకునే .22 తూటా: కిలోమీటరు పైనే.
- .30-06 వంటి పెద్ద రైఫిల్ తూటా: మూడు కిలోమీటర్లు దాటి.

ఇది పందికి ప్రభావంగా తగిలే దూరం కాదు, మనిషికి ప్రమాదం ఉండే దూరం. అందుకే ఊరి దగ్గర చేలల్లో పెద్ద రైఫిల్ కంటే 12 బోర్ తుపాకీ మేలు.

మన దగ్గర దొరికే తుపాకులు: ఏది ఎంతవరకు?

12 బోర్ తుపాకీ. ఒంటి గొట్టం గానీ, జంట గొట్టాలు గానీ. అడవి పందికి మన చేలల్లో మొదటి ఎంపిక ఇదే. 30 మీటర్ల లోపు నమ్మదగినది. జంట గొట్టాలైతే రెండో దెబ్బ వెంటనే వేయవచ్చు.

.315 రైఫిల్. షూటర్లు త్రీ ఫిఫ్టీన్ అంటారు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. బరువైన తూటా, మధ్యస్థమైన వేగం. 100 మీటర్ల లోపు పందికి పూర్తిగా సరిపోతుంది. కానీ వెనక మట్టి కట్టో, గుట్టో ఉన్న చోట మాత్రమే వాడాలి.

.30-06 రైఫిల్. తూటా బరువు సాధారణంగా 150 నుంచి 180 గ్రెయిన్లు, అంటే సుమారు 10 నుంచి 12 గ్రాములు. పందికి కావాల్సిన దానికంటే బలం ఎక్కువే. పంది శరీరం దాటి అవతలికి పోవచ్చు. చదును నేలలో, ఊరి పక్క చేలల్లో వద్దు. అడవి అంచున, గుట్ట వాలు మీద, అనుభవం ఉన్న షూటర్ చేతిలో మాత్రమే.

మూతి నుంచి మందు దట్టించే తుపాకీ. ఒక్క దెబ్బే. మళ్లీ దట్టించే లోపు గాయపడిన పంది మీదికి రావచ్చు. చప్పుడు చేసి మందను బెదిరించడానికి పనికొస్తుంది గానీ, పెద్ద పందిని చంపడానికి ఆధారపడదగినది కాదు.

.22 రైఫిల్, ఎయిర్‌గన్. పందికి పనికిరావు. గాయం చేస్తాయి, చంపవు.

నాటు తుపాకీ. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో ఉంటేనే నేరం. నీళ్ల పైపుతోనో, స్టీరింగ్ రాడ్డుతోనో చేసిన గొట్టం మందు ఒత్తిడికి పగిలి పేల్చేవాడి చేతినీ, కంటినీ తీసుకుపోతుంది.

తూటా ఎంపికలో చూడాల్సినవి

12 బోర్ తుపాకీ ఒకటే అయినా, అందులో వేసే తూటాను బట్టి పని మారుతుంది.

1. 4, 5, 6 నంబర్ల తూటాల్లో ఉండేవి పిట్టలు కొట్టే సన్న గుండ్లు. పందికి ఎంత దగ్గరైనా వాడకూడదు. చర్మం కిందే ఆగిపోతాయి, పంది చీము పట్టి రోజుల తరబడి బాధపడి చస్తుంది.

2. ఎల్‌జీ, ఎస్‌జీ అని డబ్బా మీద రాసి ఉండేవి పెద్ద గుండ్ల తూటాలు. ఎల్‌జీ గుండు పెద్దది, ఎస్‌జీ దానికంటే కొంచెం చిన్నది. 25 నుంచి 30 మీటర్ల లోపు వాడవచ్చు. అంతకు మించితే గుండ్లు విడిపోయి ఒకటి రెండే తగులుతాయి, మిగిలినవి ఎటో పోతాయి.

3. ఒంటి గుండు తూటా. స్లగ్ అని కూడా అంటారు. సుమారు 28 గ్రాముల సీసం ముద్ద ఒక్కటే ఉంటుంది. 40 నుంచి 50 మీటర్ల వరకు పందిని నిలబెట్టి పడేస్తుంది. గుండ్లు చెదరవు కాబట్టి గురి తెలిసినవాడి చేతిలో ఇదే మంచిది.

4. ఒంటి గుండు వేసే ముందు గొట్టం మూతి చూడాలి. కొన్ని తుపాకులకు మూతి దగ్గర గొట్టం ఇరుకవుతుంది. దాన్ని చోక్ అంటారు. పూర్తి ఇరుకు ఉన్న గొట్టంలో ఒంటి గుండు వేస్తే గొట్టం పాడవుతుంది, ఒక్కోసారి పగులుతుంది. ఇరుకు లేని గొట్టం, లేదా కొద్దిపాటి ఇరుకున్న గొట్టం ఉండాలి. గురి కూడా ముందే పరీక్షించి ఉండాలి.

5. పాత తుపాకుల్లో తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు వచ్చే తూటాలు చాలావరకు 70 మిల్లీమీటర్లవి. పొడుగు తూటా పాత గదిలో కూడా పడుతుంది, పట్టింది కదా అని పేలిస్తే ఒత్తిడి పెరిగి తుపాకీ దెబ్బతింటుంది. గొట్టం మీద ఉన్న కొలత, తూటా డబ్బా మీద ఉన్న కొలత రెండూ ఒకటేనా అని చూడమనండి.

6. రైఫిల్ అయితే మెత్తని ముక్కు ఉన్న తూటా వాడాలి. దీని సీసం ముక్కు పైకి కనిపిస్తుంది. లోపల దిగాక విచ్చుకుని పందిలోనే బలం ఖర్చు చేస్తుంది. పూర్తిగా లోహపు తొడుగు ఉన్న తూటా సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. పంది పరుగెత్తుతుంది, తూటా ఎవరికి తగులుతుందో తెలియదు.

7. తడిసిన, ఉబ్బిన, ఇత్తడి అడుగు పచ్చబారిన తూటాలు వాడరాదు. చీదేసిన తూటా కొన్ని క్షణాలు ఆగి పేలవచ్చు. గొట్టం మూతిని మట్టి వైపు ఉంచి అర నిమిషం ఆగాకే తెరవాలి.

నేల మీద నుంచి కాదు, మంచె మీద నుంచి

తుపాకీ కంటే, తూటా కంటే ముఖ్యమైనది కూర్చునే చోటు. చిన్న లెక్క చూడండి.

షూటర్ నేల మీద నిలబడి, 100 మీటర్ల దూరంలో ఉన్న పందిని కాల్చాడనుకోండి. తుపాకీ ఎత్తు ఒకటిన్నర మీటరు, పంది భుజం ఎత్తు అర మీటరు. తూటా దాదాపు నేలకు సమాంతరంగా పోతోంది. తప్పితే పంది వెనక మరో 50 మీటర్లు పోయి గానీ నేలను తాకదు. తాకినా అంత తక్కువ వాలులో నేలలో దిగదు, చెరువులో చిల్లపెంకు విసిరినట్టు ఎగిరి ముందుకు పోతుంది.

అదే షూటర్ 4 మీటర్ల ఎత్తు మంచె మీద కూర్చుని, 30 మీటర్ల దూరంలోని పందిని కాల్చాడనుకోండి. తప్పిన తూటా పంది వెనక నాలుగైదు మీటర్లలోనే నేలను తాకుతుంది. అది మెత్తని దుక్కి నేల అయితే అక్కడే ఆగే అవకాశం ఎక్కువ. రాతి నేల, గట్టి గరప నేల, నీళ్లు నిలిచిన మడి అయితే మంచె మీద నుంచి కాల్చినా తూటా ఎగిరి పోతుంది. అందుకే మంచెకు ఎదురుగా, పందులు వచ్చే బాట వెనక, చెరువు కట్టో, కాలువ గట్టో, గుట్ట వాలో ఉండేలా చోటు ఎంచుకోవాలి. అలాంటి చోటు లేకపోతే ఆ చేనులో కాల్పులు వద్దు, అంతే.

పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడే కాల్చాలి. దాని గుండె మనం అనుకున్నదానికంటే ముందుకు, కిందికి ఉంటుంది. ముందు కాలుకు సరిగ్గా వెనక, శరీరం ఎత్తులో కింది మూడో వంతులో గురి ఉండాలి. ఎదురుగా వస్తున్న పందిని, పరుగెత్తే పందిని, మందలో ఒకదాని వెనక ఒకటి ఉన్న పందిని కాల్చకూడదు.

ఆ రాత్రి గ్రామంలో పాటించాల్సినవి

- కాల్పులు జరిగే చేను, సమయం ముందు రోజే టముకు వేయించి చెప్పాలి. చుట్టుపక్కల చేల రైతులకు విడిగా ఫోన్ చేసి చెప్పాలి.
- రాత్రి కరెంటు వంతు ఉన్న రైతులు ఆ సమయంలో మోటార్ల దగ్గరికి రాకుండా ముందే మాట్లాడుకోవాలి.
- అటవీ సిబ్బంది, పోలీసు స్టేషన్‌కు సమాచారం ఉండాలి. అనుమతి పత్రం, లైసెన్సు షూటర్ దగ్గర ఉండాలి.
- మంచె మీద షూటర్, లైటు పట్టే మనిషి తప్ప ఎవరూ ఉండకూడదు. చూడడానికి గుంపుగా రావద్దు. పిల్లల్ని అసలు రానివ్వద్దు.
- డప్పులు కొట్టి పందులను తుపాకీ వైపు తోలే పద్ధతి వద్దు. తోలేవాళ్లు తూటాకు ఎదురుగా ఉంటారు.
- వెలుగులో జంతువు పూర్తిగా కనిపించి, అది పందేనని తేలాకే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లాలి. కళ్లు మెరిస్తేనో, ఆకులు కదిలితేనో కాల్చడం నేరంతో సమానం. అది దూడ కావచ్చు, ఎలుగుబంటి కావచ్చు, మనిషి కావచ్చు.
- షూటర్ మద్యం తాగి ఉంటే ఆ రాత్రికి పని ఆపేయండి. మొహమాటం వద్దు.

కాల్చిన తర్వాత

పంది పడినా వెంటనే దగ్గరికి పోవద్దు. కనీసం అరగంట ఆగాలి. గాయంతో పొదల్లోకి పోతే రాత్రి వెతకవద్దు. తెల్లవారాక, షూటర్ ముందు నడుస్తుండగా అటవీ సిబ్బందితో కలిసి వెతకాలి. దొరికే వరకు ఆ వైపు చేలల్లో పనికి వెళ్లవద్దని ఊళ్లో చెప్పాలి.

చనిపోయిన పంది చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోవడం, అమ్మడం నేరం. అధికారులు పంచనామా చేసి, వాళ్లు చెప్పిన విధంగా పాతిపెట్టాలి. ఊళ్లో పందులు పెంచేవాళ్లుంటే కళేబరం దగ్గరికి వాటిని రానివ్వకూడదు, వ్యాధులు అంటుకునే ప్రమాదం ఉంది.

కాల్పులతోనే సమస్య తీరుతుందా?

తీరదు. ఆడ పంది సుమారు 115 రోజులకే ఈనుతుంది. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. ఒకటి రెండు పందులను చంపితే మంద కొన్నాళ్లు దూరంగా ఉంటుంది, మళ్లీ వస్తుంది. ఆ కొన్నాళ్లు పంట గట్టెక్కడానికే కాల్పులు పనికొస్తాయి. కాబట్టి విత్తేటప్పుడే ఈ ఏర్పాట్లు చేసుకోవాలి:

- మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు దగ్గర దగ్గరగా ఆముదం వేయండి. పంది ఆముదం తినదు, ఆముదం వాసన మొక్కజొన్న వాసనను కప్పేస్తుంది.
- వేరుశనగ చుట్టూ కుసుమ వేయండి. ముళ్లకు పంది వెనకాడుతుంది.
- గట్టి ఇనుప జాలి కంచె వేసేటప్పుడు అడుగు భాగం నేలలోకి దిగేలా పాతండి. పంది కంచె మీద నుంచి దూకదు, కింద నుంచి తవ్వుకుని వస్తుంది.
- నలుగురైదుగురు రైతులు కలిసి సోలార్ కంచె వేసుకుంటే ఎకరాకు ఖర్చు తగ్గుతుంది. కంచె కింద గడ్డి పెరగకుండా చూసుకోవాలి, గడ్డి తగిలితే కరెంటు భూమిలోకి పోతుంది.
- పంట నష్టం జరిగితే చేను సరిచేయకముందే ఫొటోలు తీసి, అటవీ శాఖకు నష్టపరిహారం దరఖాస్తు చేయండి. తర్వాత కాల్పుల అనుమతి అడిగేటప్పుడు కూడా ఈ దరఖాస్తులే మీకు ఆధారం.

చివరిగా ఒక హెచ్చరిక

సోలార్ కంచెకు, చేను చుట్టూ కట్టే కరెంటు తీగకు చాలా తేడా ఉంది. సోలార్ కంచెలో విద్యుత్తు సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేంతలో వచ్చి పోతుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, ప్రాణం పోదు. స్తంభం నుంచి కొక్కెం వేసి లాగిన 230 వోల్టుల తీగలో కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది. పట్టుకున్న చేతిని వదలనివ్వదు. ప్రతి ఏటా ఈ తీగలకు పందుల కంటే ముందు రైతులు, కూలీలు, పశువులు బలవుతున్నారు. చాలాసార్లు చనిపోయేది తీగ కట్టిన రైతే, లేదా ఆయన ఇంట్లో మనిషే. పండులో నాటు బాంబు పెట్టడం కూడా ఇలాంటిదే. దాన్ని కొరికేది మీ ఆవు కావచ్చు, ఏరుకునేది మీ పిల్లవాడు కావచ్చు.

పంది బెడద ఉన్న రైతులు ఈ వారమే గ్రామ పంచాయతీలో తీర్మానం చేయించి, నష్టం వివరాలతో అటవీ రేంజ్ ఆఫీసర్‌కు దరఖాస్తు ఇవ్వండి. దరఖాస్తు రాయడంలో సాయం కావాలంటే మీ వ్యవసాయ విస్తరణ అధికారిని, లేదా దగ్గరలోని రైతు సేవా కేంద్రాన్ని సంప్రదించండి. షూటర్ వచ్చిన రోజు మాత్రం ఆయనను మూడు ప్రశ్నలు తప్పకుండా అడగండి: ఏ తూటా వేస్తున్నారు, ఎంత దూరంలో కాలుస్తారు, తప్పితే తూటా ఎక్కడ ఆగుతుంది? మూడో ప్రశ్నకు చేతితో మట్టికట్ట చూపించి సమాధానం చెప్పగలిగినవాడినే మీ చేనులోకి రానివ్వండి.